రెండు ముళ్ల మధ్య దూరం: ఐస్ ఫ్యాక్టరీల్లో కరెంటు ఆదా

(భీమవరం చుట్టుపక్కల ఐస్ ఫ్యాక్టరీల యజమానులకూ ఆపరేటర్లకూ చేసిన ప్రసంగం. రానివాళ్ల కోసం రికార్డింగు విని రాసింది. మాట తడబడిన చోట్ల మాత్రమే సరిచేశాం.)

అందరికీ నమస్కారమండి. వెనకాల నిలబడ్డవాళ్లు ముందుకు రండి, కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. ఆపరేటర్లు ముందు వరసలో కూర్చోండి, ఈ మాటలు ముఖ్యంగా మీకే. బిల్లు ఓనరుగారు చూస్తారు. గేజీలు చూసేది మీరు.

మొదట ఒక ప్రశ్న అడుగుతాను. మీ ఫ్యాక్టరీలో టన్ను ఐసుకి ఎన్ని యూనిట్లు కాలుతున్నాయి? నెల బిల్లు ఎంతొచ్చిందంటే అందరూ ఠక్కున చెబుతారు. నేనడిగేది అది కాదు. టన్నుకి ఎన్ని యూనిట్లు? ఆ లెక్క లేకుండా ఆదా గురించి మాట్లాడుకోవడం తూకం లేకుండా రొయ్యలు కొనడం లాంటిదండి. రొయ్యల పట్టుబడులు ఎక్కువున్న నెలలో బిల్లు పెరుగుతుంది, లేని నెలలో తగ్గుతుంది. ఆ పెరగడం, తగ్గడం ఐసు వల్లా, మెషిను వల్లా? టన్ను లెక్క ఉంటేనే తెలుస్తుంది. రోజూ పొద్దున్న ఒకే టైముకి మీటరు రీడింగు రాయండి, పక్కన ఆ రోజు తీసిన దిమ్మల సంఖ్య రాయండి. అంతే.

ఎంత ఉండాలి? లెక్క కడదాం. టన్ను నీళ్లు 30 డిగ్రీల్లో డబ్బాలోకి పోస్తారు, మైనస్ 9 డిగ్రీల ఐసు బయటికొస్తుంది. మధ్యలో తీసిన వేడిని యూనిట్లలోకి మారిస్తే 133. అందులో 35 నీళ్లని సున్నాకి దింపడానికి. 93 గడ్డ కట్టించడానికి. మిగిలిన 5 ఐసుని సున్నా కిందకి లాగడానికి. ఈ 133 కరెంటు కాదండి, వేడి. బాగున్న అమ్మోనియా కంప్రెసరు ఒక యూనిట్ కరెంటు తిని మూడు, మూడుంపావు యూనిట్ల వేడిని తోడి బయట పోస్తుంది. అంటే కరెంటు 41 యూనిట్ల చిల్లర. దాని మీద డబ్బాలు మునిగుండే ఉప్పునీళ్ల ట్యాంకు గోడల్లోంచి, మూతల్లోంచి వచ్చే వేడి, పంపులు, ఆ నీళ్లని తిప్పే అజిటేటరు. అన్నీ కలిపి మన వాతావరణంలో 55 దగ్గర ఉంటే ప్లాంటు బాగున్నట్టు. 70 దాటితే ఎక్కడో కారిపోతోంది. రోజుకి 20 టన్నులు తీసే ఫ్యాక్టరీలో ఆ 15 యూనిట్ల తేడా రోజుకి 300, నెలకి 9,000 యూనిట్లు. మీ రేటుతో మీరే గుణించుకోండి.

బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ చిన్న పరిశ్రమల కోసం దేశంలో కొన్ని క్లస్టర్లు, అంటే ఒకే రకం ఫ్యాక్టరీలు ఎక్కువున్న చోట్లు, ఎంచుకున్నప్పుడు అందులో భీమవరం ఐసు ఒకటి. ఎందుకు ఎంచుకున్నారు? రొయ్యల చెరువులో వల పడిన దగ్గర్నుంచి ప్రాసెసింగ్ ప్లాంటు దాకా సరుకుని కాపాడేది మీ ఐసే కాబట్టి. ఆ ఐసులో పెద్ద ఖర్చు కరెంటే కాబట్టి.

ఇప్పుడు అసలు విషయం. కంప్రెసరు దగ్గర రెండు ప్రెషరు గేజీలుంటాయి, అమ్మోనియా గ్యాసు లోపలికి వచ్చే వైపు సక్షను ఒకటి, నొక్కి బయటికి పంపే వైపు డిశ్చార్జి ఒకటి. ఆ రెండు ముళ్ల మధ్య దూరమే మీ బిల్లు. కంప్రెసరు పని ఏమిటి? వేడిని పల్లం నుంచి మెరకకి ఎత్తి పోయడం. పల్లం సక్షను, మెరక డిశ్చార్జి. పంట కాలవ నుంచి నీళ్లు ఎత్తే ఇంజను సంగతి మీకు తెలుసు, ఎత్తు పెరిగేకొద్దీ డీజిలు ఎక్కువ తాగుతుంది. ఇదీ అంతే. ఒక్కో డిగ్రీ ఎత్తుకి 2 నుంచి 3 శాతం కరెంటు. పల్లం డిగ్రీ పైకి తెచ్చినా ఆదా, మెరక డిగ్రీ కిందకి దింపినా ఆదా. కొత్త మెషిను కొననక్కర్లేదు, ముళ్లు దగ్గరికి రావాలి.

కాగితం ఉన్నవాళ్లు ఈ అంకెలు రాసుకోండి. అమ్మోనియా మైనస్ 10 డిగ్రీల్లో మరిగితే గేజీ మీద సుమారు 27 పౌండ్లు (చదరపు అంగుళానికి). మైనస్ 15 అయితే 20. మైనస్ 20 అయితే 13. ఇటు డిశ్చార్జి వైపు, గ్యాసు మళ్లీ లిక్విడయ్యే దగ్గర: 28 డిగ్రీలకి 145 పౌండ్లు, 30 కి 155, 35 కి 181, 40 కి 211. ఈ ఏడు అంకెలు గేజీల పక్కన గోడ మీద పెయింటుతో రాయించండి.

సక్షను వైపు

మీ బ్రైన్, అంటే ట్యాంకులో డబ్బాల చుట్టూ ఉండే ఉప్పునీళ్లు, మైనస్ 9 ఉందనుకోండి. అమ్మోనియా అంతకంటే ఎంత చల్లగా ఉండాలి? 5, 6 డిగ్రీలు చాలు. అంటే మైనస్ 15, గేజీ మీద 20 పౌండ్లు. మరి బ్రైన్ మైనస్ 9 లోనే ఉండి సక్షను 13 పౌండ్లకి పడిపోతే? అమ్మోనియా మరిగే కాయిలుకీ (ట్యాంకులోని పైపుల చుట్ట) బ్రైన్‌కీ మధ్య ఏదో అడ్డం పడింది. ఆ 5 డిగ్రీలకి 10 శాతం పైనే కరెంటు పోతోంది, పైగా కంప్రెసరు తోడే గ్యాసు కూడా తగ్గుతుంది. ఐసు లేటవుతుంది. ఐసు లేటవుతోందని ఇంకో కంప్రెసరు వేస్తారు. సక్షను ఇంకా పడుతుంది. ఇది రోజూ జరుగుతున్న పని.

ఏమిటా అడ్డం? మన దగ్గర ఎక్కువగా రెండే. ఒకటి, కాయిలు బయట ఐసు. రెండు, కాయిలు లోపల ఆయిలు.

బయట ఐసు ఎందుకు కడుతుంది? బ్రైన్ పల్చబడి. డబ్బాలో నీళ్లు నింపేటప్పుడు పొర్లిన ప్రతి చెంబుడు నీళ్లూ ట్యాంకులోకే పోతాయి. దిమ్మ తీసినప్పుడు డబ్బాకి అంటుకున్న ఉప్పునీళ్లు బయటికి పోతాయి. ఇలా వారం వారం పల్చబడి ఒకరోజు కాయిలు మీద గడ్డ కడుతుంది. ఆ గడ్డే కాయిలుకి దుప్పటి. బ్రైన్ మొత్తంగా ద్రవంగానే కనిపిస్తుంది, అనుమానం రాదు. కాయిలు పైన మూత తీసి టార్చి వేసి చూడండి, సన్న కడ్డీతో తట్టండి. ఇనుము మోగాలి. మోగలేదా, అది ఐసు.

బ్రైన్ చిక్కదనం కొలిచే హైడ్రోమీటరు ఎంతమంది దగ్గర ఉంది? చేతులెత్తండి... సరే. లేనివాళ్లు ఈ వారంలోనే కొనండి. దీనికంటే చవగ్గా ఇంత ఆదా ఇచ్చే వస్తువు మీ ఫ్యాక్టరీలో ఇంకోటి లేదు. బ్రైన్ గడ్డకట్టే డిగ్రీ, అమ్మోనియా మరిగే డిగ్రీ కంటే కనీసం 5 కింద ఉండాలి. అమ్మోనియా మైనస్ 15 అయితే బ్రైన్ మైనస్ 20 దాకా గడ్డకట్టకూడదు. కాల్షియం క్లోరైడ్ వాడేవాళ్లకి హైడ్రోమీటరు మీద 1.20 ఉంటే సరిపోతుంది. మామూలు ఉప్పు వాడేవాళ్లకి 1.17. ఉప్పుకి ఒక హద్దుందండి. 23 శాతం దగ్గర మైనస్ 21. అంతకంటే ఎంత ఉప్పు పోసినా ఇంకా కిందకి దిగదు, ఉప్పు అడుగున పేరుకుంటుంది. అందుకని ఉప్పు బ్రైన్‌తో సక్షనుని బాగా కిందకి లాగితే కాయిలు మీద ఐసు కట్టక మానదు.

కొలిచేటప్పుడు ఒక జాగ్రత్త. చల్లటి బ్రైన్‌లో నేరుగా వేస్తే హైడ్రోమీటరు ఎక్కువ చూపిస్తుంది. బ్రైన్ చిక్కగా ఉందనుకుని మోసపోతాం. ఒక మగ్గులో తీసి నీడన పెట్టి, మామూలు వేడికి వచ్చాక కొలవండి. శాంపిలు కాయిలు దగ్గర తీయండి, డబ్బాలు నింపే మూల దగ్గర కాదు. ఎక్కువైతే మంచిదే కదా అని కాల్షియం గుమ్మరించకండి. బ్రైన్ చిక్కబడేకొద్దీ అది మోసే చలి తగ్గుతుంది, అజిటేటరు మీద బరువు పెరుగుతుంది.

లోపలి ఆయిలు సంగతి. అమ్మోనియా బదులు ఫ్రియాన్ గ్యాసు వాడే ప్లాంట్ల నుంచి వచ్చిన మెకానిక్కులు ఇక్కడ పొరబడతారు. అమ్మోనియా ఆయిలుని కరిగించుకోదు, ఆయిలు బరువెక్కువ కాబట్టి అడుగుకి దిగుతుంది. కాయిలు కింది హెడ్డరులో (పైపులన్నీ కలిసే గొట్టం), అక్యుములేటరు (కాయిలుకి లిక్విడు ఇచ్చే డ్రమ్ము) అడుగున చేరి గోడలకి పొరలా అంటుతుంది. కంప్రెసరులో పోసిన ఆయిలుకీ తీసిన ఆయిలుకీ లెక్క రాయండి. నెలలో 10 లీటర్లు పోసి 2 లీటర్లు తీస్తే మిగతా 8 ఎక్కడికి పోయాయి? ప్లాంటు లోపలే ఉన్నాయి.

ఆయిలు తీసే పని మాత్రం తేలికగా తీసుకోకండి. అమ్మోనియా ప్రమాదాలు ఈ పని దగ్గర జరుగుతాయి. ఒక మనిషి ఎప్పుడూ చేయకూడదు, ఇద్దరుండాలి. మాస్కు మెడలో కాదు, మొహం మీద ఉండాలి. మామూలు వాల్వు తర్వాత, చెయ్యి వదిలితే దానంతటదే మూసుకునే స్ప్రింగు వాల్వు ఒకటి బిగించండి. జిగట ఆయిలు రావట్లేదని పైపులో కడ్డీ పెట్టి పొడవకండి. అడ్డం ఒక్కసారి తొలగితే వెనకాల ఉన్న లిక్విడు అమ్మోనియా మొహం మీదకే వస్తుంది. వాల్వు తెరిచి టీకి వెళ్లకండి. దయచేసి వెళ్లకండి.

కండెన్సరు వైపు

ఇప్పుడు రెండో ముల్లు. కండెన్సరు అంటే డిశ్చార్జి గ్యాసుని నీళ్లతో చల్లబరిచి లిక్విడు చేసే పైపులు. హెడ్, అంటే డిశ్చార్జి ప్రెషరు, ఎంత ఉండాలి? "వేసవి కదండీ, 210 వస్తుంది" అంటారు. వేసవి అనే మాటతో సరిపెట్టుకోకండి. థర్మామీటరు బల్బుకి తడిగుడ్డ చుట్టి గాలి తగిలేలా పెట్టండి. వెట్ బల్బ్ అంటారు. మన కోస్తాలో మే, జూన్‌లలో అది 27, 28 ఉంటుంది. దాని మీద 8 నుంచి 10 డిగ్రీలు కలపండి, అక్కడ అమ్మోనియా లిక్విడు కావాలి. అంటే వేసవిలో 36 నుంచి 38, గేజీ మీద 186 నుంచి 199 పౌండ్ల లోపు. డిసెంబరు రాత్రి వెట్ బల్బ్ 18కి దిగితే హెడ్ 28 డిగ్రీలు, 145 పౌండ్లకి దిగాలి. దిగుతోందా? దిగకపోతే వేసవిని అనడానికి లేదు కదా. చలికాలంలో హెడ్ పడిపోతోందని కండెన్సరు పంపు ఆపేవాళ్లున్నారు. అలా చేయకండి. కాయిలుకి లిక్విడు వదిలే ఎక్స్‌పాన్షన్ వాల్వు ఇంకాస్త తెరిచి సరిచేసుకోండి, హెడ్‌ని పడనివ్వండి. చలికాలం ఊరికే ఇచ్చే ఆదా అది.

మీలో ఎక్కువమందివి పైపుల మీద నీళ్లు జారే అట్మాస్ఫియరిక్ కండెన్సర్లు. నిచ్చెన వేసుకుని పైకెక్కి చూడండి. తొట్టి గాట్లలో నాచు, ఆకులు పడి నీళ్లు ఒక పక్కకే జారుతుంటాయి. సగం పైపులు ఎండిపోయి ఉంటాయి. ఎండిన పైపు కండెన్సరు కిందకి రాదండి. తొట్టి మట్టం సరిచేసి, వారానికోసారి గాట్లు శుభ్రం చేస్తే చాలు. మన బోరు నీళ్లు చాలాచోట్ల ఉప్పన, నీళ్లు ఆవిరవుతున్నకొద్దీ సున్నం, ఉప్పు చిక్కబడి పైపులకి పెంకులా కడతాయి. కాలవ నీళ్లు దొరికే రోజుల్లో అవే వాడండి. కింది తొట్టిలోంచి కొంత నీరు ఎప్పుడూ బయటికి వదిలి కొత్త నీరు కలపండి. నీళ్లు పొదుపు చేస్తున్నామని ఆ నీటినే తిప్పితే పెంకు కడుతుంది. ఇంకోటి, కండెన్సరు చుట్టూ గోడలు కట్టి, రేకులు కొట్టి, ఖాళీ డబ్బాలు పేర్చి గాలి ఆపకండి.

ఇక గాలి. కండెన్సరు లోపలి గాలి. ఇది కంటికి కనపడదు కాబట్టి దీని మీద కాస్త నిదానంగా చెబుతాను. రొయ్యల ప్లాంట్లలో ప్లేట్ ఫ్రీజర్లు మైనస్ 40 దగ్గర నడుస్తాయి. అక్కడ సక్షను వాక్యూములో ఉంటుంది, ప్రతి గ్లాండు (వాల్వు కాడ చుట్టూ ఉండే సీలు) నుంచీ గాలి పీలుస్తుంది. మన ఐసు ప్లాంటులో సక్షను 20 పౌండ్లు, నడుస్తున్నప్పుడు గాలి లోపలికి రాదు. మరెలా వస్తుంది? మనమే పంపిస్తాం. కంప్రెసరు సిలిండరు మూత విప్పి వాల్వు ప్లేటు మార్చి, లోపలి గాలి తీయకుండా బిగించి స్టార్టు చేస్తాం. గ్యాసు తక్కువైన ప్లాంటుని వాక్యూము దాకా లాగిస్తాం. ఆ గాలి కండెన్సరు దాకా వెళ్లి అక్కడే ఉండిపోతుంది, లిక్విడు కాదు కదా.

గాలి ఉందో లేదో ఇలా తెలుసుకోండి. పట్టుబడి లేని రోజు చూసి కంప్రెసరు ఆపండి. కండెన్సరు నుంచి వచ్చిన లిక్విడు నిలవుండే రిసీవరు నుంచి బయటికి పోయే వాల్వు మూయండి. కండెన్సరు మీద నీళ్లు మాత్రం నడవనివ్వండి, అరగంట. పైన పోసే నీళ్లూ కింద పడే నీళ్లూ ఒకే వేడికి వచ్చేదాకా. ఆ వేడి కొలవండి. 30 డిగ్రీలు ఉందనుకోండి, గోడ మీద రాసుకున్న ప్రకారం గేజీ 155 చూపించాలి. 175 చూపిస్తోందా? ఆ 20 పౌండ్లు గాలిదే. ముందు గేజీ కరెక్టుదో కాదో ఇంకో గేజీతో సరిచూసుకోండి. సున్నాకి రాని ముళ్లతో నడుస్తున్న ప్లాంట్లు చాలా ఉన్నాయి.

ఆ గాలి తీసేటప్పుడు, దాన్ని బయటికి వదిలే పర్జి వాల్వుకి గొట్టం బిగించి కొసని నీళ్ల బకెట్లో అడుగుకి ముంచండి. వాల్వు కొద్దిగా, చాలా కొద్దిగా తెరవండి. గాలి అయితే బుడగలు పైదాకా వస్తాయి. అమ్మోనియా అయితే నీళ్లలో కరిగిపోతుంది, బుడగ పైకి రాదు, చిటపటమని శబ్దం వస్తుంది. బుడగలు తగ్గి చిటపట మొదలైతే మూసేయండి. పది నిమిషాలాగి మళ్లీ చేయండి. గాలి వీపు వైపు నుంచి వీచేలా నిలబడండి, మాస్కు తప్పనిసరి. కండెన్సరుకి గ్యాసు వచ్చే వైపు కాదు, లిక్విడు పోయే వైపు, రిసీవరు పైన పర్జి పెట్టుకోవాలి. గాలి అక్కడే చేరుతుంది.

ట్యాంకు, డబ్బా, దిమ్మ

ఇప్పటిదాకా చలిని తక్కువ కరెంటుతో ఎలా చేయాలో చూశాం. చేసిన చలి ఎక్కడ పోతోంది?

ట్యాంకు చుట్టూ తిరిగి గోడ మీద చెయ్యి పెట్టండి. చెమట పట్టి తడిగా ఉందా? ఆ లోపల ఇన్సులేషను పోయినట్టే. పాత ట్యాంకులకి ఊక, రంపపు పొట్టు నింపేవారు. అవి పొడిగా ఉన్నన్నాళ్లు బాగానే పనిచేస్తాయి, తడిస్తే దండగ. పైన మూతలు చూడండి. విరిగినవి, నాని వంగినవి, లేనేలేనివి. ఆ సందుల్లోంచి వేడితో పాటు గాలిలోని తేమ కూడా దిగి బ్రైన్‌ని పల్చన చేస్తుంది.

అజిటేటరు ఆరు కిలోవాట్లు లాగుతోందనుకోండి. రోజుకి 144 యూనిట్లు. అంతేనా? ఆ కరెంటంతా ట్యాంకులో వేడిగానే తేలుతుంది, దాన్ని తోడడానికి కంప్రెసరు ఇంకో 40 యూనిట్ల పైన తింటుంది. అందుకని పెద్ద మోటారు పెడితే ఐసు త్వరగా కడుతుందనుకోకండి. కాయిలుకీ డబ్బాలకీ మధ్య అడ్డగోడ తుప్పుపట్టి చిల్లు పడితే బ్రైన్ డబ్బాల మధ్యకి పోకుండా దగ్గరదారిన కాయిలు వైపు తిరిగి వస్తుంది. ముందు ఆ చిల్లు మూయండి. డబ్బాల వరస ఆ చివర, ఈ చివర బ్రైన్ వేడి కొలవండి, తేడా ఒక డిగ్రీ, డిగ్రీన్నర దాటకూడదు.

బ్రైన్ ఎంత చల్లగా ఉంచాలి? మీకొక సూత్రం ఇస్తాను. దిమ్మ మందం సెంటీమీటర్లలో తీసుకుని, దాన్ని దానితోనే గుణించి, 0.6తో గుణించి, బ్రైన్ ఎన్ని డిగ్రీలు మైనసో దాంతో భాగించండి. వచ్చేది గంటలు. 28 సెంటీమీటర్ల దిమ్మ మైనస్ 9లో సుమారు 52 గంటలు. మైనస్ 12లో 39. మైనస్ 7లో 67. త్వరగా కావాలంటే చల్లబరచాలి, నిజమే. కానీ ఆ మూడు డిగ్రీలకి 7, 8 శాతం కరెంటు ఎక్కువ, పైగా మరీ చల్లటి దిమ్మని, డబ్బా నుంచి ఊడడానికి మామూలు నీళ్ల డిప్ ట్యాంకులో ముంచగానే పగుళ్లొస్తాయి. సీజను కాని రోజుల్లో, డబ్బాల్లో సగం ఐసు నిలవుండే రోజుల్లో మైనస్ 12 ఎందుకండి? మైనస్ 7కి పెంచుకోండి. ట్యాంకులో చోటుంటే డబ్బాలు పెంచి బ్రైన్‌ని వెచ్చగా నడపడం ఇంకా మంచి పద్ధతి.

ఇక డిప్ ట్యాంకు. ఇక్కడ పోయేది చలి కూడా కాదు, తయారైన ఐసే పోతుంది. 135 కిలోల దిమ్మ తీసుకోండి. డబ్బాకి తగిలే దాని ఒళ్లంతా కలిపి దాదాపు 1.8 చదరపు మీటర్లు. రెండు మిల్లీమీటర్ల పొర కరిగితే 3 కిలోల పైన పోయింది, రెండున్నర శాతం. ఐదు మిల్లీమీటర్లు కరిగితే 8 కిలోలు, ఆరు శాతం. డబ్బాలు ముంచి మాటల్లో పడితే ఐదు మిల్లీమీటర్లు ఎంతసేపండి? డబ్బా ముంచాక దిమ్మనే చూస్తూ ఉండండి. చుట్టూ పొర కరగగానే దిమ్మ డబ్బాలో ఒక్కసారి కదిలి పైకి తేలుతుంది. ఆ క్షణమే లేపాలి.

ముంచే ముందు డబ్బాని బ్రైన్ ట్యాంకు మీదే ఒక నిమిషం వేలాడదీయండి, ఉప్పునీళ్లు కారి ట్యాంకులోనే పడతాయి. డిప్ ట్యాంకు నీళ్లు చల్లబడతాయి కదా, వాటినే డబ్బాల్లో పోస్తే చలి కలిసొస్తుందని చాలామంది అడుగుతారు. పోయకండి. డబ్బా బయటి బ్రైన్ ఆ నీళ్లలో కలిసి ఉంటుంది. ఉప్పు నీళ్ల ఐసు లేటుగా కడుతుంది, త్వరగా కరుగుతుంది, పైగా అది తినే సరుకు మీద వేసే ఐసు. దాని బదులు డిప్ ట్యాంకు అడుగున స్టీలు పైపు చుట్ట ఒకటి వేసి, నింపే నీళ్లని దానిలోంచి రానివ్వండి. రెండు మూడు డిగ్రీలు తగ్గుతాయి. ఒక్కో డిగ్రీకి ఐసు లోడులో దాదాపు 0.9 శాతం.

మోటార్లూ బెల్టులూ గురించి రెండు మాటలు. ఐదు బెల్టుల్లో ఒకటి తెగితే ఆ ఒక్కటే మార్చకండి, కొత్త బెల్టు ఒక్కటే బరువు లాగుతుంది, పాత నాలుగూ జారతాయి. సెట్టు మొత్తం మార్చండి. గార్డు కింద నల్లటి పొడి రాలుతోందంటే జారుతున్నట్టే. డిశ్చార్జి పైపు వేడి 110, 125 మధ్య ఉండడం మామూలు. 140 దాటితే హెడ్ చూడండి, హెడ్ మామూలుగానే ఉంటే వాల్వు ప్లేటు లీకు, లేదా సక్షను పైపుకి చుట్టిన ఇన్సులేషను ఊడిపోయింది.

బిల్లు సంగతి. హెచ్‌టీ (హై టెన్షన్) కనెక్షనులో మనకి కేవీఏహెచ్ మీద లెక్క, అంటే మెషిను వాడుకున్న కరెంటే కాదు, లైనులోంచి లాగిన మొత్తం మీద. కెపాసిటర్లు పాడైతే అదే పనికి ఎక్కువ యూనిట్లు పడతాయి. బిల్లు మీద పీక్ గంటలు, అంటే రేటు ఎక్కువుండే గంటలు, ఏవో చూసుకోండి. ట్యాంకులో 60 వేల లీటర్ల బ్రైన్ ఉంటే, అది మైనస్ 10 నుంచి మైనస్ 7కి వచ్చేలోపు 20 టన్నుల ప్లాంటు కంప్రెసరుని గంటా గంటన్నర ఆపుకోవచ్చు. ఆ చలిని తెల్లవారుజామున, వెట్ బల్బ్ తక్కువున్నప్పుడు మళ్లీ నింపుకోండి. అజిటేటరు మాత్రం ఆపకండి.

ప్రశ్నలు ట్యాంకు దగ్గరే మాట్లాడుకుందాం. హైడ్రోమీటరు, రెండు థర్మామీటర్లు తెచ్చాను. పొద్దున్నే కాయిలు దగ్గర బ్రైన్ తీసి మగ్గులో నీడన పెట్టించాను, ఈపాటికి మామూలు వేడికి వచ్చి ఉంటుంది. ఆపరేటర్లు ముందు రండి, రీడింగు మీరే తీయండి.